రీలోడింగ్ ప్రెస్ కోసం కదలని పనిబల్ల: ఇంట్లో మీరే కట్టుకోవడం ఎలా

అమెరికాలో ఉంటూ టార్గెట్ షూటింగ్ కోసం తూటాలను ఇంట్లోనే రీలోడ్ చేసుకోవాలనుకునే వారు, అంటే కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులను (కేసులను) మళ్లీ నింపుకోవాలనుకునే వారు, ఏ ప్రెస్ (ఆ పనికి వాడే, పిడితో నడిచే యంత్రం) కొనాలన్న ప్రశ్న ముగిసీ ముగియకముందే అడిగే రెండో ప్రశ్న బల్ల గురించే. గ్యారేజీలో ఉన్న పాత బల్ల సరిపోతుందా, కొత్తది కట్టుకుంటే ఎంత ఎత్తు ఉండాలి, పైపలక ఎంత మందం ఉండాలి, ప్రెస్‌ను ఎక్కడ బిగించాలి అన్న సందేహాలు పదేపదే వస్తున్నాయి కనుక, వాటన్నిటికీ ఒకేచోట జవాబు ఇవ్వడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది బల్ల కట్టుకోవడం గురించి మాత్రమే. ఏ తూటాకు ఏ పౌడర్ ఎంత వేయాలన్నది తయారీదారులు ప్రచురించే రీలోడింగ్ మాన్యువల్‌లో చూసుకోవలసిన విషయం.

బల్ల ఎందుకు కదలకూడదో ముందు రెండు మాటల్లో చెప్పుకోవాలి. బల్ల ఊగితే కేసుల కొలతలు తప్పుతాయని చాలామంది అనుకుంటారు, కానీ అది పెద్దగా నిజం కాదు. కేసును డైలోకి, అంటే దాన్ని సరైన కొలతకు నొక్కే ఉక్కు అచ్చులోకి, నెట్టే బలాన్ని ప్రెస్ చట్రమే తనలో తాను భరిస్తుంది కాబట్టి, బల్ల కొంచెం వంగినంత మాత్రాన ఆ నొక్కుడు (సైజింగ్) మారిపోదు. అసలు నష్టం జరిగేది పౌడర్ దగ్గర. ప్రతి కేసుకూ ఒకే కొలత పౌడర్ పోసే పరికరమైన పౌడర్ మెజర్ అదే బల్లకు బిగించి ఉన్నప్పుడు, ప్రెస్ పిడిని లాగిన ప్రతిసారీ వచ్చే కుదుపుకు మెజర్ పైనుండే హాపర్‌లోని (పౌడర్ నింపే పాత్రలోని) పౌడర్ సర్దుకుని గట్టిపడుతుంది. మెజర్ బరువును చూసి కాకుండా పరిమాణాన్ని చూసి పోస్తుంది కనుక, గట్టిపడిన పౌడర్ మెజర్ లోపలి అదే కొలత గుంటలో కాస్త ఎక్కువ బరువు పడుతుంది. పక్కన ట్రేలో నిలబెట్టిన, పౌడర్ నింపిన కేసులు ఒలికిపోయే ప్రమాదం కూడా అక్కడే ఉంది. అందుకే ఈ బల్ల అందంగా లేకపోయినా ఫరవాలేదు గాని, కదలకూడదు.

రంపం పట్టుకునే ముందు

వ్యక్తిగత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు, అమ్మకానికి చేసేవారికి మాత్రం టైప్ 06 వంటి ఫెడరల్ తయారీ లైసెన్సు తప్పనిసరి. అయితే మన పాఠకులు ఒక విషయం తప్పక గమనించాలి. హెచ్1బి, ఎఫ్1 వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీనిగాని, తూటాలనుగాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మీకు వర్తిస్తాయో లేదో న్యాయవాదిని అడిగి తెలుసుకున్న తరువాతే అడుగు ముందుకు వేయండి. రాష్ట్ర చట్టాలు, ఊరి అగ్నిమాపక నిబంధనలు, అద్దె ఇల్లయితే ఒప్పంద పత్రం కూడా చూసుకోవాలి. భారతదేశంలో ఉన్నవారికి ఈ పని వర్తించదు, ఎందుకంటే అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

స్థలం విషయంలో నాలుగు చూడండి. నిప్పు, వేడి ఉన్నచోట, అంటే వాటర్ హీటర్, ఫర్నేస్, డ్రైయర్ ఉన్న మూలలో బల్ల పెట్టకండి. గ్యారేజీలో చాలామందికి ఖాళీగా కనిపించేది సరిగ్గా ఆ మూలే. నేల నున్నగా ఉండాలి, కార్పెట్ పనికిరాదు, ఎందుకంటే ఒలికిన పౌడర్ రేణువులు, జారిపడిన ప్రైమర్లు (తూటాలోని పౌడర్‌ను అంటించే చిన్న పేలుడు మూతలు) దాని పోగుల్లో దాక్కుంటాయి. తలుపు వేసి తాళం పెట్టగలిగిన గది అయితే పిల్లల విషయంలో నిశ్చింతగా ఉంటుంది. చివరిగా, ఏసీ గాలి నేరుగా బల్ల మీదికి కొట్టకూడదు, ఎందుకో తూకం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఎత్తును ఎవరి లెక్కో చూసి నిర్ణయించకండి. నిలబడి పనిచేసేవారికి సాధారణంగా 36 నుంచి 42 అంగుళాల మధ్య, కూర్చుని చేసేవారికి 30 అంగుళాల దగ్గర సరిపోతుంది. ఖచ్చితంగా తేల్చుకోవడానికి, ప్రెస్‌ను ఒక గట్టి పెట్టె మీద క్లాంపులతో తాత్కాలికంగా నిలిపి, కింద చెక్కముక్కలు చేరుస్తూ తీస్తూ, పిడిని పైనుంచి కిందికి కొన్నిసార్లు ఆడించి చూడండి. పిడి పైన ఉన్నప్పుడు చెయ్యి భుజం కంటే పైకి పోకూడదు, కిందికి దిగినప్పుడు నడుము వంగకూడదు. ఈ రెండూ కుదిరిన ఎత్తే మీ ఎత్తు. కింద ఇచ్చిన కొలతలు 38 అంగుళాల ఎత్తు బల్లకు లెక్కించినవి. మీ ఎత్తు వేరైతే కాళ్ల పొడవు ఒక్కటి మార్చుకుంటే చాలు, మిగతావేవీ మారవు.

కావలసినవి

బల్ల పైభాగం 72 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉంటుంది.

- 8 అడుగుల ఫోర్ బై ఫోర్ దుంగలు 2. వీటి నుంచి 36 1/2 అంగుళాల కాళ్లు 4 వస్తాయి.
- 8 అడుగుల టూ బై ఫోర్ పట్టీలు 5. వీటి నుంచి 68 అంగుళాల నిడివి పట్టీలు 4, 19 అంగుళాల అడ్డపట్టీలు 7 వస్తాయి.
- 3/4 అంగుళం మందం ప్లైవుడ్, 4 అడుగులు × 8 అడుగుల షీట్ 1. దీని నుంచి పైపలకకు 24 × 72 అంగుళాల ముక్కలు 2 వస్తాయి, మిగిలే రెండు 24 × 24 అంగుళాల ముక్కలు కింది అరకు సరిపోతాయి.
- 3/8 అంగుళం లావు, 6 అంగుళాల పొడవు క్యారేజ్ బోల్టులు 16, వాటికి వాషర్లు, నట్లు.
- 3 అంగుళాలు, 2 అంగుళాలు, 1 1/4 అంగుళాల చెక్క స్క్రూలు, చెక్క జిగురు.
- గోడకు బిగించడానికి 4 అంగుళాలకు తగ్గని స్ట్రక్చరల్ స్క్రూలు.
- ప్రెస్‌కు తగిన బోల్టులు. వాటి పొడవు ఎలా లెక్కించాలో 6వ మెట్టులో ఉంది.
- పాలియురిథేన్ వార్నిష్ లేదా లేత రంగు ఎనామెల్ పెయింట్.

పనిముట్లలో రంపం, డ్రిల్, మూలమట్టం, రసమట్టం, టేపు, నాలుగు క్లాంపులు, స్పానర్, కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు ఉంటే చాలు. షాపులోనే ప్లైవుడ్‌ను కోయించుకుంటే షీటు మోసే బాధ, వంకర కోత బాధ రెండూ తప్పుతాయి.

కొత్తవారు లెక్క తప్పేది ఇక్కడే. టూ బై ఫోర్ అన్న పట్టీ నిజానికి 1 1/2 × 3 1/2 అంగుళాలు ఉంటుంది, ఫోర్ బై ఫోర్ 3 1/2 × 3 1/2 ఉంటుంది, 3/4 అంగుళం అని అమ్మే ప్లైవుడ్ చాలావరకు 23/32 అంగుళమే. పై కొలతలన్నీ ఈ అసలు సైజులను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవే. పట్టీలు కొనేటప్పుడు ఒక్కొక్కదాన్నీ ఒక కొన నుంచి కన్ను ఆనించి చూసి, మెలి తిరిగినవాటిని పక్కన పెట్టండి. ప్రెషర్ ట్రీటెడ్ చెక్క ఎక్కువ తడితో వస్తుంది, ఇంట్లో ఆరేకొద్దీ ముడుచుకుని బోల్టులను వదులు చేస్తుంది కనుక, తడి తగలని గదిలో దాని అవసరం లేదు. మామూలు చెక్కను కూడా పని మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు అదే గదిలో పడుకోబెట్టి ఉంచితే మంచిది.

కట్టే విధానం

1. కోత. ముక్కలన్నిటినీ ఒకేసారి గుర్తు పెట్టి కోయకండి. ప్రతి కోతకు రంపం పళ్ల మందం మేర, సుమారు 1/8 అంగుళం చెక్క పొట్టుగా పోతుంది. ఒక ముక్క కోసిన తరువాతే రెండోదాన్ని కొలవండి. నాలుగు టూ బై ఫోర్ పట్టీల నుంచి ఒక్కో 68 అంగుళాల ముక్క, ఒక్కో 19 అంగుళాల ముక్క తీసి, ఐదో పట్టీ నుంచి మిగిలిన మూడు 19 అంగుళాల ముక్కలు తీయండి. నాలుగు కాళ్లనూ పక్కపక్కన నిలబెట్టి, తలల మీద వేలితో రాస్తే ఎగుడుదిగుడు ఇట్టే తెలిసిపోతుంది. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయాలి.

2. పక్క చట్రాలు. రెండు కాళ్లను నేల మీద సమాంతరంగా పరచి, వాటి బయటి అంచుల మధ్య 19 అంగుళాలు ఉండేలా జరపండి. ఒక 19 అంగుళాల అడ్డపట్టీని కాళ్ల తలలతో సమానంగా, రెండోదాన్ని దాని కింది అంచు నేల నుంచి 6 అంగుళాల ఎత్తులో ఉండేలా పెట్టి, జిగురు రాసి, ఒక్కో కొనకు 3 అంగుళాల స్క్రూలు మూడేసి బిగించండి. స్క్రూకు ముందు సన్నని రంధ్రం వేయకపోతే పట్టీ కొనలు చీలుతాయి. ఇలాంటివి రెండు చట్రాలు తయారుచేయండి. నిలబెట్టినప్పుడు ఈ అడ్డపట్టీలు బల్ల లోపలివైపుకు రావాలి. ప్రతి చట్రంలోనూ మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి, ఆ రెండు కొలతలూ సమానంగా ఉంటేనే చట్రం మూలలు సరైన లంబకోణంలో ఉన్నట్లు. తేడా వస్తే జిగురు ఆరకముందే పొడవుగా ఉన్న మూలను లోపలికి నెట్టి సరిచేయాలి.

3. నిడివి పట్టీలు. పక్క చట్రాలను ఎదురెదురుగా నిలబెట్టి, 68 అంగుళాల పట్టీలను కాళ్ల ముందు ముఖానికి రెండు, వెనుక ముఖానికి రెండు, పక్క అడ్డపట్టీల ఎత్తులోనే క్లాంపులతో పట్టించండి. ప్రతి కూడలిలో రెండేసి 3/8 అంగుళం రంధ్రాలు, ఒకదాని కింద ఒకటి కాకుండా ఐమూలగా వేయండి. నిలువు వరసలో వేస్తే పట్టీ ఆ గీత వెంబడి చీలే అవకాశం ఉంది. పక్క చట్రానికి వేసిన స్క్రూలు కాలు లోపల అడ్డంగా ఉన్నాయన్న సంగతి మరువకండి, రంధ్రం వాటికి తగలకుండా ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. 1 1/2 అంగుళాల పట్టీ, 3 1/2 అంగుళాల కాలు కలిపి 5 అంగుళాలు కనుక 6 అంగుళాల బోల్టు సరిపోతుంది. బోల్టు గుండ్రని తల బయటికి, నట్టు లోపలికి ఉంచండి. కూర్చుని పనిచేసేవారు ముందువైపు కింది పట్టీని వదిలేయాలి, లేకపోతే మోకాళ్లకు, పాదాలకు చోటుండదు. అప్పుడు కింది అర వెడల్పును తగ్గించుకుని వెనుక సగానికే పరిమితం చేయండి.

4. మధ్య అడ్డపట్టీలు. మిగిలిన మూడు 19 అంగుళాల ముక్కల్లో రెండింటిని పైభాగంలో, ఒకదాన్ని కింది అర మధ్యలో, ముందు వెనుక పట్టీల నడుమ బిగించాలి. పైవాటిని సమదూరంలో పెట్టాలని చూడకండి. ప్రెస్ ఏ చివర వస్తుందో ముందే నిర్ణయించుకుని, దాని పాదం ఒక పక్కన పక్క చట్రపు అడ్డపట్టీకి, రెండో పక్కన ఈ మధ్య పట్టీకి ఆనుకునేంత దగ్గరగా ఒకదాన్ని పెట్టండి. రెండోది మిగిలిన జాగాలో ఎక్కడైనా ఉండవచ్చు. చాలామంది బల్ల మధ్యలో ప్రెస్ బిగించి, అక్కడ పలక స్ప్రింగులా లేస్తోందని వాపోతారు. కాలి పక్కన బిగిస్తే ఆ బాధ ఉండదు.

5. పైపలక. మొదటి ప్లైవుడ్ ముక్కను చట్రం మీద పరచి, వెనుక అంచు వెనుక పట్టీతో సమానంగా, ముందుకు 2 అంగుళాలు, రెండు పక్కలా 2 అంగుళాలు చొప్పున బయటికి ఉండేలా సర్ది, 2 అంగుళాల స్క్రూలతో పైనుంచి పట్టీలకు బిగించండి. దాని మీద జిగురు పలచగా, అంతటా పరచి రెండో ముక్కను పెట్టి, ఈసారి కిందినుంచి 1 1/4 అంగుళాల స్క్రూలు వేయండి. రెండు పలకల మందం కలిపి 1 7/16 అంగుళాలు కనుక ఆ స్క్రూ మొన పైకి పొడుచుకు రాదు. ఇలా చేయడానికి కారణం ఉంది. పైముఖం మీద స్క్రూ తలల గుంటలు లేకపోతే పౌడర్ రేణువులు చేరే చోటు ఉండదు. జిగురు ఆరాక అంచులను గరుకు కాగితంతో నున్నచేసి, పూర్తిగా పూత వేయండి. పౌడర్ రేణువులు చాలావరకు బూడిద, నలుపు రంగుల్లో ఉంటాయి, కాబట్టి లేత రంగు పూత మీద ఒక్క రేణువు పడినా కంటికి కనిపిస్తుంది. ముదురు రంగు అందంగా ఉంటుందేమో గాని ఈ బల్లకు తగదు.

   వెనుక అంచుకు, రెండు పక్కలకు అర అంగుళం ఎత్తు పట్టీ అంటిస్తే దొర్లే ప్రైమర్లు నేలపాలు కావు. ముందు అంచుకు పట్టీ వద్దు, తుడిచేటప్పుడు అడ్డం వస్తుంది.

6. ప్రెస్ బిగింపు. రంధ్రం వేసే ముందు ప్రెస్‌ను చోటులో క్లాంపులతో పట్టించి, పిడిని పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి ఆడించండి. పిడి గోడకు, మోకాలికి, కాలిదుంగకు తగలకూడదు, కిందికి దిగే లింకు బల్ల ముందు అంచును రాచుకోకూడదు. తరువాత బల్ల కిందికి తల పెట్టి, ప్రెస్ పాదంలోని ప్రతి రంధ్రం సరిగ్గా ఎక్కడ దిగుతుందో చూడండి. పలకకు మాత్రమే తగిలితే ఇబ్బంది లేదు. ముందు పట్టీ నడుమకు దిగినా ఫరవాలేదు, పొడవైన బోల్టుతో పట్టీని కూడా కలిపి బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. సగం పట్టీ మీద, సగం ఖాళీలో దిగితే మాత్రం నట్టు కూర్చోవడానికి చోటుండదు. అలాంటప్పుడు ప్రెస్‌ను అర అంగుళం జరపండి, లేదా పట్టీకి వెనుక ఇంకో చెక్కముక్కను జిగురుతో, స్క్రూలతో చేర్చి మందం పెంచండి.

   బోల్టు పొడవు లెక్క ఇది: ప్రెస్ పాదం మందం, పలక మందం, దారిలో వచ్చే పట్టీ మందం, వాషరు, నట్టు, వీటికి పైన ఒక అర అంగుళం. పలకలోకి దిగే చెక్క స్క్రూలతో ప్రెస్‌ను ఎప్పుడూ బిగించకండి. పిడిని కిందికి లాగినప్పుడే బలం పడుతుందని అనుకుంటాము గాని, రైఫిల్ కేసు మెడలోంచి ఎక్స్‌పాండర్ (మెడను లోపలినుంచి వెడల్పు చేసే డై భాగం) బయటికి వచ్చేటప్పుడు పిడి పైకి పోతూ ప్రెస్ పాదాన్ని కూడా పైకి లేపుతుంది. ఇలా కిందికీ పైకీ వందలసార్లు లాగుడు పడ్డాక స్క్రూ మరలు చెక్కను పొడిచేసి వదిలేస్తాయి. ఆరపార బోల్టు, కింద పెద్ద వాషరు లేదా ఉక్కు పట్టీ ఉంటే ఈ సమస్య రాదు. రెండు మూడు పరికరాలను ఒకే చోట మార్చుకుంటూ వాడేవారు ప్రెస్‌ను నేరుగా బల్లకు కాకుండా మౌంటింగ్ ప్లేటుకు బిగించుకోవచ్చు.

7. గోడకు బిగింపు. ఇంతవరకు కట్టిన బల్ల బరువుగానే ఉన్నా, ప్రెస్‌ను గట్టిగా లాగితే ముందుకు జరుగుతుంది. గోడలోపలి స్టడ్‌లు (నిలువు చెక్క పట్టీలు) అమెరికా ఇళ్లలో ఎక్కువగా 16 అంగుళాల దూరంలో ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తో వాటిని గుర్తించి, వెనుక పై పట్టీలోంచి కనీసం రెండు స్టడ్‌లలోకి స్క్రూలు దించండి. పట్టీ మందం, జిప్సం బోర్డు మందం పోగా స్టడ్‌లోకి ఒకటిన్నర అంగుళమైనా దిగాలి కనుకే 4 అంగుళాలకు తగ్గకూడదని చెప్పాను. ప్లగ్ పాయింట్‌కు సరిగ్గా పైన, కింద స్క్రూ వేయకండి, వైర్లు సాధారణంగా స్టడ్ వెంబడే పోతాయి. కాళ్లు వెనుక పట్టీ కంటే 1 1/2 అంగుళం ముందుకు ఉన్నాయి కనుక, గోడ అడుగున ఉండే బేస్‌బోర్డు బల్లకు అడ్డం రాదు. బిగించాక బల్లకూ గోడకూ మధ్య మిగిలిన సందును కాక్‌తో (సందులు పూడ్చే పేస్టుతో) మూసేయండి.

   అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు పెట్టడం కుదరకపోతే, కింది అర మీద ఇసుక సంచులో, సీసం బుల్లెట్ల పెట్టెలో పేర్చి బరువు పెంచండి, కాళ్ల కింద రబ్బరు పట్టీలు వేయండి. ఇది గోడ బిగింపుకు సమానం కాదు గాని, పిస్టల్ కేసులకు చాలినంత పనిచేస్తుంది.

8. కింది అర. రెండు 24 అంగుళాల ముక్కలను ఒక పక్క 22 అంగుళాలకు తగ్గించి, కింది పట్టీల మీద, వాటి అతుకు మధ్య అడ్డపట్టీ మీదికి వచ్చేలా పరచి స్క్రూలు వేయండి.

తూకం, పౌడర్ మెజర్, వెలుతురు

బల్ల పూర్తయిందని అనుకునేవారు ఎక్కువగా అశ్రద్ధ చేసేది తూకం పెట్టే చోటును. రీలోడింగ్‌లో బరువును గ్రెయిన్లలో కొలుస్తారు, ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. అందులో పదో వంతును చూపించే పరికరానికి ఏసీ గాలి, మీ ఊపిరి కూడా తేడా తెస్తాయి. తూకాన్ని ప్రెస్ ఉన్న బల్ల మీద కాకుండా, గోడకు విడిగా బిగించిన చిన్న అర మీద, బల్లకు అవతలి చివర పెట్టండి. బీమ్ తూకం (ముల్లుతో చూపే దండె తూకం) అయితే ఆ అర మీ కంటి ఎత్తులో ఉండాలి, పైనుంచి చూస్తే ముల్లు ఒకచోట, పక్కనుంచి చూస్తే ఇంకొకచోట ఉన్నట్లు కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ తూకం అయితే ఫ్లోరోసెంట్ దీపానికి, మొబైల్ ఫోన్‌కు దూరంగా ఉంచండి, చెక్ వెయిట్‌తో (బరువు ముందే తెలిసిన బిళ్లతో) పని మొదట్లోనూ మధ్యలోనూ సరిచూడండి.

పౌడర్ మెజర్‌ను ప్రెస్ ఉన్న చివర కాకుండా రెండో కాలి పక్కన బిగించండి. ఈ రెండింటినీ చేతికందే దూరంలో పక్కపక్కన పెడితే పని త్వరగా అవుతుందన్నది నిజమే, కానీ మొదట్లో చెప్పిన కుదుపు మొత్తం నేరుగా దానికే తగులుతుంది.

వెలుతురు విషయంలో ఒకే ఒక్క పరీక్ష ఉంది. ట్రేలో నిలబెట్టిన కేసుల నోళ్లలోకి వంగి చూసినప్పుడు, ప్రతి కేసులో పౌడర్ మట్టం అడుగు వరకు స్పష్టంగా కనిపించాలి. ఒక కేసులో రెండుసార్లు పౌడర్ పడినా, అసలు పడకపోయినా పట్టుకునే సాధనం ఈ చూపే. తుపాకీ పేలి మనిషి గాయపడే ప్రమాదాన్ని ఆపేది కూడా ఇదే. మీ వెనుక ఉన్న దీపం మీ తల నీడను సరిగ్గా ట్రే మీద వేస్తుంది కనుక, మెడ వంచగలిగే ఎల్‌ఈడీ దీపాన్ని బల్ల వెనుక అంచుకు బిగించి, కేసుల మీదికి తిప్పుకోండి.

బల్ల మీద ఏవి ఉండాలి, ఏవి ఉండకూడదు

బల్ల మీద ఎప్పుడూ ఒకే ఒక్క పౌడర్ డబ్బా, అది కూడా ఆ పూట వాడుతున్నదే ఉండాలి. రెండు డబ్బాలు పక్కపక్కన ఉన్నప్పుడు మెజర్‌లో మిగిలిన పౌడర్‌ను తప్పు డబ్బాలోకి ఒంపడానికి ఒక్క క్షణం ఏమరుపాటు చాలు, కలిసిపోయిన పౌడర్‌ను మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు, పారవేయవలసిందే. పని ముగియగానే హాపర్ ఖాళీ చేసి దాని అసలు డబ్బాలోకే పోయండి.

నిల్వకు కింది అర అనువుగా కనిపిస్తుంది, కానీ పౌడర్‌ను, ప్రైమర్లను అక్కడ ఉంచకండి. అమెరికాలో చాలా ఊళ్ల నిబంధనలకు ఆధారమైన, అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 495 ప్రమాణం ప్రకారం, సొంత వాడకపు స్మోక్‌లెస్ (పొగ తక్కువగా వచ్చే) పౌడర్‌ను ఇంట్లో 20 పౌండ్ల వరకు అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. 20 నుంచి 50 పౌండ్ల వరకు అయితే కనీసం 1 అంగుళం మందం గోడలున్న చెక్క పెట్టెలో ఉంచాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు. మీ ఊరి నిబంధన ఇంతకంటే కఠినంగా ఉంటే అదే పాటించాలి. చెక్క పెట్టె అనడంలో అర్థముంది. మంట అంటుకున్నప్పుడు వదులైన చెక్క విడిపోయి ఒత్తిడిని వదిలేస్తుంది, బిగుతైన ఇనుప పెట్టె ఆ ఒత్తిడిని పట్టి ఉంచి పేలుతుంది. తుపాకులు దాచే ఇనుప బీరువాలో పౌడర్ పెట్టడం భద్రమని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. ప్రైమర్లను చూడటానికి బాగుంటుందని గాజు సీసాలో పోయడం అంతకంటే పెద్ద పొరపాటు, ఒకటి పేలితే మిగతావి అన్నీ కలిసి పేలుతాయి. అవి వచ్చిన ట్రేల్లోనే ఉండాలి.

ఒలికిన పౌడర్‌ను, ప్రైమర్లను వాక్యూమ్ క్లీనర్‌తో తీయకండి, లోపలి మోటారు నిప్పురవ్వ చాలు. మెత్తని బ్రష్షుతో చేటలోకి ఊడ్చండి. కాల్చిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, కేసులను పొడిగా టంబ్లర్‌లో (వాటిని కదిలిస్తూ మెరుగుపెట్టే యంత్రంలో) శుభ్రం చేసేటప్పుడు ఆ ధూళే గాలిలోకి లేస్తుంది. అందుకని టంబ్లర్‌ను ఈ బల్ల మీద కాకుండా గాలి ఆడే వేరే చోట, మూత పెట్టి నడపండి. ఈ బల్ల దగ్గర తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం పూర్తిగా మానాలి, పని అయ్యాక చేతులు చల్లటి నీటితో, సబ్బుతో కడుక్కోవాలి, బల్లను తడిగుడ్డతో తుడవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

చివరన చెప్పిన పౌడర్ తూచే పరీక్ష తప్ప మిగతావన్నీ పౌడర్, ప్రైమర్ ఏదీ గదిలోకి తేకముందే చేయండి.

మొదట రసమట్టాన్ని పైపలక మీద నిలువుగా, అడ్డంగా పెట్టి చూడండి. నేల వాలుగా ఉంటే, గ్యారేజీ నేలలు నీళ్లు పోవడానికి వాలుగానే ఉంటాయి, తగ్గిన కాళ్ల కింద పలచని చెక్క బిళ్లలు వేసి మట్టం చేయండి. తరువాత రెండు చేతులతో ముందు అంచును పట్టుకుని పక్కలకు ఊపండి. కిర్రుమని చప్పుడు వస్తే ఏ కూడలిలోనో బోల్టు వదులుగా ఉంది. ముందుకు వెనక్కు ఊగితే గోడ స్క్రూ స్టడ్‌కు తగలక ఉత్త జిప్సం బోర్డులో దిగిందని అర్థం, తీసి మళ్లీ వేయండి.

అసలైన పరీక్ష నీళ్ల గ్లాసుతో చేస్తాము. తూకం పెట్టబోయే అర మీద నిండుగా నీళ్లున్న గ్లాసు ఒకటి, మెజర్ బిగించే చోట ఒకటి పెట్టి, లూబ్ (జారుడు పూత) రాసిన రైఫిల్ కేసు ఒకదాన్ని ప్రెస్‌లో సైజ్ చేయండి. తూకం దగ్గర నీళ్లు నిశ్చలంగా ఉండాలి. మెజర్ దగ్గర సన్నని అల మాత్రమే రావచ్చు, నీళ్లు అంచు దాటి చిందితే ప్రెస్ పక్కనున్న అడ్డపట్టీని, బోల్టులను, గోడ బిగింపును ఆ వరసలో తనిఖీ చేయండి. పలక మీద వేలు ఆనించి ఇంకెవరినైనా పిడి లాగమంటే, వంగుతున్న చోటు వేలికి తెలుస్తుంది.

తరువాత తూకాన్ని సున్నాకు తెచ్చి, చెక్ వెయిట్ పెట్టి, ప్రెస్‌ను పదిసార్లు ఆడించి మళ్లీ చూడండి. అంకె మారితే అరను ఇంకో గోడకు మార్చాలి. అలాగే ఏసీ ఆన్ చేసి ఒకసారి, ఆపి ఒకసారి చూడండి.

మెజర్‌ను మాన్యువల్ ప్రకారం అమర్చుకున్నాక, పది చార్జీలను, అంటే ఒక్కో కేసుకు పోసే పౌడర్ కొలతను పదిసార్లు, వరసగా పోసి ఒక్కొక్కదాన్నీ తూచి రాసుకోండి. ఆ తరువాత ప్రెస్‌లో కొన్ని కేసులు సైజ్ చేసి, మళ్లీ పది తూచండి. రెండో వరస మొదటిదానికంటే అంతటా బరువుగా వస్తున్నట్లయితే కుదుపు మెజర్‌కు చేరుతోందన్నమాట. అలాంటి బల్ల మీద సైజింగ్ అంతా ఒక పూట, పౌడర్ పోయడం ఇంకో పూట పెట్టుకుంటే సమస్య చాలావరకు తీరుతుంది.

చెక్క ఇంట్లో ఆరేకొద్దీ కాస్త సన్నబడుతుంది కాబట్టి, రెండు నెలల తరువాత ఒకసారి, ఆపైన ఏడాదికి ఒకసారి పదహారు బోల్టులనూ, ప్రెస్ బోల్టులనూ స్పానర్‌తో తిప్పి చూడండి. మొదటిసారి దాదాపు అన్నీ పావు చుట్టో అర చుట్టో తిరుగుతాయి, అది లోపం కాదు. ఏడాది దాటాక కూడా ఒకే బోల్టు పదేపదే వదులవుతుంటే దాని వాషరు కింద చెక్క నలిగిందేమో చూసి, ఇంకా వెడల్పైన వాషరు వేయండి.